మిగులు సైనిక రైఫిళ్ల దిగుమతి: మన సేకరణకర్తలకు దారి ఉందా?

గంటస్తంభం_వీధి (విజయనగరం):
సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో స్థిరపడిన మా మేనల్లుడు ఈమధ్య ఒక పాత సైనిక రైఫిల్ కొనుక్కుని దాని ఫొటోలు పంపించాడు. బోల్టుకు కింది భాగంలో ఉన్న ఉక్కు పట్టీ మీద ఇషాపూర్ కర్మాగారపు గుర్తు, 2ఏ1 అనే నమూనా పేరు, 1966 అనే సంవత్సరం చక్కగా చదవగలిగాను. (మన ఇచ్ఛాపురం కాదు, బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్.) మన సైన్యం కోసం మన దేశంలో తయారై, పక్కన పెట్టిన తరువాత టోకున అమ్ముడై, సముద్రం దాటి అక్కడొక మామూలు ఉద్యోగి ఇంటి గోడకు చేరిన వస్తువును ఇక్కడ ఉన్న నేను ఎందుకు కొనుక్కోలేను అన్నది నా మొదటి ప్రశ్న. ఇతర దేశాల సైన్యాలు వదిలించుకుంటున్న పాత బోల్టు రైఫిళ్లను (ప్రతి తూటాకూ చేత్తో గడియ లాగాల్సినవి) మన వర్తకులు దిగుమతి చేసి, లైసెన్సు ఉన్న సేకరణకర్తలకు అమ్మే రోజు వస్తుందా అన్నది రెండవది. నాకు వేట మీద గానీ, కాల్చడం మీద గానీ ఆసక్తి లేదు. పాత నాణేలు, తూనికరాళ్లు, ఒరలు సేకరించే అలవాటు ఉన్నవాడిని, ఆ దృష్టితోనే అడుగుతున్నాను.

నాగావళి_న్యాయవాది (శ్రీకాకుళం):
మాస్టారూ, మీ ప్రశ్నను అందరూ దిగుమతి విధానానికి సంబంధించినదిగా చూస్తారు గానీ, అసలు అడ్డు దానికంటే ముందే ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల మొదటి షెడ్యూలును చూడండి. .303 గానీ, 7.62 మిల్లీమీటర్లు గానీ బోరు (గొట్టం లోపలి కొలత) ఉన్న బోల్టు రైఫిళ్లు, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు (పేలిన ప్రతిసారీ తరువాతి తూటాను తామే ఎక్కించుకునేవి), ఆ తూటాలను పేల్చగలిగిన మరే బోరు రైఫిళ్లైనా మొదటి వర్గంలోనే, అంటే మనవాళ్లు నిషేధిత బోరు అని పిలుచుకునే కోవలోనే పడతాయి. మీ మేనల్లుడి 2ఏ1 నమూనా 7.62 తూటాను కాలుస్తుంది కాబట్టి అది ఏ దేశం నుంచి వచ్చినా, ఎన్నేళ్ల పాతదైనా, పనిచేసే స్థితిలో ఉన్నంతకాలం ఆ గీతకు అవతలే ఉంటుంది. అటువంటి బోరుకు లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా కలెక్టరుకు లేదు, అది కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది, ప్రాణభయం గట్టిగా రుజువు చేసుకున్నవారికి తప్ప సాధారణంగా ఇవ్వరు. సేకరణ అనే కారణం అక్కడ నిలబడదు.

దీనికి తోడు 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, తాతల నాటి తుపాకీ వారసత్వంగా వచ్చినా ఆ రెండింటిలోనే లెక్క. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరగడం ఒక్కటే ఊరట. నిషేధిత ఆయుధాన్ని లైసెన్సు లేకుండా ఉంచుకున్నందుకు అదే సవరణ ఏడేళ్లకు తగ్గకుండా పద్నాలుగేళ్ల వరకు శిక్ష పెట్టింది. రెండు తుపాకుల పరిమితిలో సేకరణ అనే మాటకు అర్థం లేదు. పది లీ-ఎన్‌ఫీల్డ్‌లు (మీ 2ఏ1కు మూలమైన బ్రిటిషు బోల్టు రైఫిళ్లు) వరుసగా పెట్టి వాటి మధ్య తేడాలు చూసుకునే సరదా మన చట్టం కింద ఊహకు కూడా అందదు.

సిక్కోలు_హవల్దారు (శ్రీకాకుళం):
న్యాయవాది గారు చెప్పినది సరైనదే గానీ, ఈ రైఫిల్ గురించి ఒక మాట చెప్పాలి. 1962లో చైనాతో యుద్ధంలో మన జవాన్లు ఎక్కువ మంది చేతిలో ఉన్నది బోల్టు లాగి ఒక్కొక్క తూటా పేల్చే త్రీ నాట్ త్రీ, అంటే .303 లీ-ఎన్‌ఫీల్డ్. ఎదుటివారి దగ్గర సెమీ ఆటోమేటిక్‌లు ఉన్నాయి. ఆ తరువాతే ఇషాపూర్‌లో తయారైన 1ఏ సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ సైన్యానికి అందడం మొదలైంది. అవి సరిపడినన్ని తయారయ్యేలోపు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకని పాత లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాకే గట్టి ఉక్కు వాడి, 7.62 తూటాకు తగ్గట్టు మార్చి 2ఏ, దాని తరువాత 2ఏ1 చేశారు. రెంటికీ పైకి కనిపించే తేడా గురి చూసే వెనుక సైటు మీద ఉంటుంది, మొదటిదానిపై దూరం 2000 వరకు గుర్తులు, రెండవదానిపై 800 వరకే. అంటే ఇది తొందరలో, అవసరం కొద్దీ పుట్టిన రైఫిల్. సేకరించేవారికి అందుకే ముచ్చట.

మాస్టారి ప్రశ్నకు నా జవాబు మాత్రం వేరు. బ్యాంకుల దగ్గర పన్నెండు బోరు తుపాకీతో కాపలా ఉద్యోగం చేసుకునే మాజీ సైనికులు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వారి లైసెన్సు కాగితాల రెన్యూవల్ కోసమే తిరిగి తిరిగి చెప్పులు అరుగుతున్నాయి. విదేశాల నుంచి రైఫిళ్లు తెప్పించే మాట మనలాంటివాళ్లకు దూరపు కొండలు.

పాలకొండ_పరదేశి (అమెరికా):
ఇక్కడి ముచ్చట కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే మన ఊళ్లో చాలామంది అమెరికాలో అన్నీ అంగట్లో దొరుకుతాయనుకుంటారు, దిగుమతి విషయంలో మాత్రం అది నిజం కాదు. 1950ల్లో, 60ల తొలినాళ్లలో యూరప్ సైన్యాలు వదిలేసిన రైఫిళ్లు ఇక్కడ పోస్టులో తెప్పించుకునేంత చౌకగా ఉండేవి. 1963లో కెనెడీ హత్యకు వాడినది కూడా అలా పోస్టులో వచ్చిన ఇటలీ సైన్యపు కార్కానో రైఫిలే. 1968 తుపాకుల నియంత్రణ చట్టం ఈ సైనిక మిగులు దిగుమతిని ఆపేసింది. మళ్లీ 1984లో చట్టం సడలి, పురావస్తు విలువ ఉన్నవిగా గుర్తించిన పాత రైఫిళ్లు వచ్చే దారి తెరుచుకుంది. తయారై 50 ఏళ్లు నిండి, మొదటి రూపం చెదరకుండా ఉంటే ఆ కోవలోకి వస్తుంది. సేకరణకర్తలకని ప్రత్యేకమైన లైసెన్సు ఒకటి ఉంది. అది ఉన్నవారు ఇంటికే పార్సిల్ తెప్పించుకోవచ్చు, కానీ వచ్చినదీ పోయినదీ ఒక పుస్తకంలో రాసి ఉంచాలి, అధికారులు అడిగితే చూపించాలి. దిగుమతి చేసే వర్తకుడు ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి, దిగుమతిదారు పేరును గొట్టం మీదనో చట్రం మీదనో చెక్కాలి. ఆ చెక్కుడు చూసి ఇక్కడి సేకరణకర్తలు మొహం ముడుచుకుంటారు, అది లేని రైఫిల్‌కు ధర ఎక్కువ.

ఇక తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది అన్నది రాజకీయం. దక్షిణ కొరియా దగ్గర అమెరికాయే ఒకప్పుడు సాయంగా ఇచ్చిన ఎం1 గారండ్ రైఫిళ్లు, ఎం1 కార్బైన్లు గుట్టలుగా మిగిలాయి. వాటిని తిరిగి అమ్ముతామని వారు ముందుకొస్తే ఒబామా ప్రభుత్వం ముందు ఒప్పుకుని, 2010లో వెనక్కి తగ్గింది. 2013 ఆగస్టులో, ఇతర దేశాలకు ఇచ్చిన సైనిక తుపాకులు ప్రైవేటు వర్తకులకు తిరిగి రాకుండా ఉత్తర్వు వేసింది, మ్యూజియంల వంటివాటికి మాత్రం మినహాయింపు పెట్టింది. చైనా నుంచి వచ్చేవి 1994లోనే ఆగిపోయాయి. రష్యా తుపాకుల మీద 2014లో కొంత, 2021లో మరికొంత గట్టిగా ఆంక్షలు పడ్డాయి. ఒకప్పుడు వంద డాలర్ల లోపు పీపాలకొద్దీ అమ్మిన మోసిన్-నాగాంట్ రైఫిళ్లు ఇప్పుడు దానికి ఎన్నో రెట్లు పలుకుతున్నాయి. ఈమధ్య కాలంలో చెప్పుకోదగినంతగా వచ్చినవి ఇథియోపియా గిడ్డంగుల నుంచి, వాటిలో ముస్సోలినీ సైన్యం అక్కడ వదిలిపోయిన కార్కానోలు ఎక్కువ. ఇంత పెద్ద సంతలోనే సరుకు ఎండిపోతుంటే, మన దేశంలో కొత్తగా దిగుమతి మొదలైనా మనకు మిగిలేది తుప్పు పట్టిన అడుగు సరుకే.

మన్యం_ఉపాధ్యాయుడు (సీతంపేట):
అందరూ తలుపు ఎలా తెరుచుకుంటుందని ఆలోచిస్తున్నారు గానీ, తెరుచుకోవాలా అన్నది ఎవరూ అడగడం లేదు. 1967 నుంచి 1970 దాకా గిరిజన సాయుధ పోరాట కాలంలో మన ఏజెన్సీలో ఏం జరిగిందో పెద్దలకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల తరువాత ఇక్కడ తుపాకీ అన్న మాటకే ఠాణా నుంచి కబురు వచ్చే స్థితి. అడవి పందుల నుంచి జొన్న, చోడి కాపాడుకోవడానికి మందు కూరి పేల్చే నాటు తుపాకీకి చట్టంలో అవకాశం ఉన్నా, సవర, జాతాపు రైతుకు ఆ లైసెన్సు అంత సులభంగా రాదు. వచ్చినా ఎన్నికలు వచ్చినప్పుడల్లా తీసుకెళ్లి స్టేషన్‌లో అప్పగించి రావాలి. పంట కోసం అడిగేవాడికి ఇంత కష్టమైతే, గోడ అలంకారం కోసం పట్నంలో ఉన్నవారికి 300 గజాల దూరంలో మనిషిని పడగొట్టగల సైనిక రైఫిల్ సులభంగా ఇవ్వాలనడం నాకు న్యాయంగా తోచడం లేదు. మాస్టారి మీద గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను.

సిక్కోలు_హవల్దారు:
ఉపాధ్యాయుడు గారూ, మీ మాటలో సగం నేను ఒప్పుకుంటాను. 300 గజాలు కాదు, చేయి తిరిగినవాడి చేతిలో అది ఇంకా చాలా దూరం పోతుంది. కానీ చోడి చేను కాపలాకు లైసెన్సు సులభం చేయమని అడగడం ఒకటి, మ్యూజియం వస్తువును దాచుకోవడానికి అనుమతి అడగడం ఒకటి. ఒకదాన్ని ఆపితే మరొకటి రాదు.

కస్టమ్స్_విశ్రాంతుడు (విజయనగరం):
విశాఖ రేవులో కొంతకాలం పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. ఆయుధాల చట్టం పదవ సెక్షను ప్రకారం సముద్రం మీదుగా గానీ, భూమి మీదుగా గానీ, గాలిలో గానీ ఏ ఆయుధం దేశంలోకి రావాలన్నా దిగుమతి లైసెన్సు ఉండాలి. 1980ల నడిమి నుంచి వర్తకులు తుపాకులు తెప్పించి మామూలు పౌరులకు అమ్మడం ఆగిపోయింది. మన బజార్లో అంతకుముందు వచ్చిన విదేశీ తుపాకులకు ఇప్పటికీ నోరు తిరగని ధరలు పలకడానికి కారణం అదే. ఇప్పుడు ప్రధానంగా తెప్పించుకోగలిగేది పేరు తెచ్చుకున్న షూటింగ్ క్రీడాకారులు, రైఫిల్ క్లబ్బులు, అది కూడా పోటీలకు పనికొచ్చే రకాలే. విదేశంలో ఏళ్ల తరబడి ఉండి ఇల్లు మార్చి వచ్చేవారు తాము వాడుకున్న ఒక తుపాకీని షరతులతో తెచ్చుకునే వీలు ఉండేది, దానికీ బోరు అనుమతించినదై ఉండాలి, తెచ్చాక మరొకరికి అమ్మకూడదు. కాబట్టి మాస్టారి మేనల్లుడు తిరిగి వచ్చేటప్పుడు ఆ 2ఏ1ను సామానులో పెట్టుకొస్తానని అనుకుంటే, దయచేసి ఇప్పుడే వద్దని చెప్పండి.

అయితే సుంకాల పట్టికలో ఒక చిన్న కిటికీ ఉంది. ఆయుధాలన్నీ 93వ అధ్యాయంలో ఉంటాయి. ఆ అధ్యాయం మొదట్లో ఉన్న వివరణ, సేకరణ వస్తువులను, పురాతన వస్తువులను అందులోంచి బయటకు తీసి 97వ అధ్యాయానికి పంపిస్తుంది. అక్కడ 9706 శీర్షిక కిందకు వచ్చేది వంద సంవత్సరాలు దాటిన వస్తువు. అంటే 1880ల నాటి మార్టినీ-హెన్రీ రైఫిల్ ఒకటి సుంకాల దృష్టిలో తుపాకీగా కాక పురాతన వస్తువుగా నిలబడే వాదన ఉంది. సుంకం దృష్టిలో మాత్రమే సుమండీ. ఆయుధాల చట్టం దాన్ని ఎలా చూస్తుందన్నది న్యాయవాది గారు చెప్పాలి.

గంటస్తంభం_వీధి:
ఉపాధ్యాయుడు గారి అభ్యంతరాన్ని తీసిపారేయలేను, కానీ నేను అడుగుతున్నది పేలే రైఫిల్ కాదని మళ్లీ మనవి. కస్టమ్స్ వారి మాట వినగానే నాకు నేపాల్ గుర్తొచ్చింది. అక్కడి రాజుల ఆయుధాగారం నుంచి పాత రైఫిళ్లు ఎవరో మొత్తంగా కొనుక్కుపోయారని విన్నాను. పక్కింటి సరుకు మన గుమ్మం ముందు నుంచి పోతుంటే మనం చూస్తూ ఉన్నామా?

పాలకొండ_పరదేశి:
నిజమేనండీ. కాఠ్మండులోని లగన్ సిలేఖానా అనే పాత భవనంలో రాణాల కాలం నుంచి పేర్చి ఉంచిన ఆయుధాలను 2003లో రెండు అమెరికా సంస్థలు కలిసి కొన్నాయి. పందొమ్మిదవ శతాబ్దపు బ్రౌన్ బెస్‌లు, స్నైడర్‌లు, మార్టినీ-హెన్రీలు, ఇవి కాక నేపాల్‌లోనే తయారైన గహేంద్ర రైఫిళ్లు అందులో ఉన్నాయి. పురావస్తువులుగా లెక్క కాబట్టి ఇక్కడ 1899కి ముందు తయారైన తుపాకీకి లైసెన్సు బాదరబందీ లేదు, అందుకే పాత నూనె, ధూళి పేరుకుని ఉన్నవాటిని కూడా శుభ్రం చేయకుండానే అమ్మేశారు. కొనుక్కున్నవారు వారాల తరబడి తుడుచుకుంటూ ముచ్చట పడ్డారు. గహేంద్ర రైఫిల్ అంతకుముందు బయటి ప్రపంచానికి దాదాపు తెలియదు. ఆ కొనుగోలు వల్లే దాని మీద పరిశోధన జరిగింది. అది నాకు ఈ వ్యవహారం మొత్తంలో విలువైన భాగంగా అనిపిస్తుంది.

నాగావళి_న్యాయవాది:
కస్టమ్స్ వారు నా మీదకు నెట్టిన ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే నా ఉద్దేశంలో ఈ చర్చకు గుండెకాయ ఇదే. ఆయుధాల చట్టం 45వ సెక్షనులో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాడుక నుంచి పోయిన నమూనాకు చెందిన, లేదా పురావస్తు విలువ ఉన్న, లేదా పాడైపోయిన ఆయుధం, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీలు కానిదైతే దానికి చట్టం వర్తించదు. చివరి మాటను పట్టించుకోకుండా చాలామంది మొదటి సగమే చదువుతారు. వందేళ్ల మార్టినీ-హెన్రీ అయినా లోపలి భాగాలు సరిచేస్తే పేలుతుందనుకుంటే మినహాయింపు లేదు. మీలో ఎన్‌సీసీలో చేరినవారికి కవాతుకు ఇచ్చే త్రీ నాట్ త్రీ రైఫిళ్లు గుర్తుండే ఉంటాయి, వాటి మీద డ్రిల్ పర్పస్ అని సూచించే రెండక్షరాల గుర్తు ఉంటుంది. వాటిలో కొన్నింటికి గొట్టంలో రంధ్రం వేస్తారు, కొన్నింటికి పేల్చే సూది కొట్టేస్తారు. అది కవాతుకు చాలు గానీ, సూది మార్చితే మళ్లీ పేలే రైఫిల్‌ను 45వ సెక్షను కాపాడదు.

2020 ఫిబ్రవరిలో హోం శాఖ నిబంధనలు సవరించి, క్యూరియో (ముచ్చటకు దాచుకునే పాత వస్తువు) కోవకు వచ్చే చిన్న ఆయుధాలు కలిగి ఉండటానికి పౌరులకు లైసెన్సు అక్కరలేదని, వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా మాత్రం కావాలని చెప్పింది. ఇది మనకు ఇప్పటివరకు దొరికిన మంచి మాట. అయినా దాన్ని పట్టుకుని విదేశం నుంచి పార్సిల్ తెప్పించడం తెలివైన పని కాదు, కలిగి ఉండటం వేరు, పదవ సెక్షను కింద దేశంలోకి తేవడం వేరు. మనకు నిజంగా కావలసినది, ఏ పని చేస్తే ఒక రైఫిల్ శాశ్వతంగా చచ్చినట్టు లెక్కో తేల్చి చెప్పే ప్రమాణం. యూరప్‌లో 2015 జనవరి పారిస్ దాడుల్లో, శబ్దానికి మాత్రమే పనికొచ్చేలా మార్చి అమ్మిన తుపాకులను తిరిగి పేలేలా చేసి వాడారు. అదే ఏడాది డిసెంబరులో యూరోపియన్ యూనియన్ నిర్వీర్యం చేసే పద్ధతిని అన్ని సభ్య దేశాలకూ ఒకటే చేసింది. ఏ భాగాన్ని ఎంత కోయాలి, ఎక్కడ వెల్డింగ్ చేయాలి అన్నది భాగం వారీగా రాసి, పరీక్షించిన అధికారి ముద్ర, పత్రం తప్పనిసరి చేసింది. సేకరణకర్తలు బోల్టు కూడా కదలని ఇనుప దుంగ మిగిలిందని గొణుక్కున్నారు. నేనైతే ఆ గొణుగుడు కంటే ఆ పత్రానికే ఎక్కువ విలువ ఇస్తాను.

బొబ్బిలి_చరిత్ర (బొబ్బిలి):
ఇంతసేపూ విదేశాల మిగులు గురించి మాట్లాడుకున్నాం గానీ, మన ఇంటి మిగులు ఏమవుతోంది? ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినం కవాతుతో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పారు. సైన్యం మన దేశీయ రైఫిల్ ఇన్సాస్‌ను కూడా పక్కకు జరిపి, అమేఠీ దగ్గర కోర్వాలో తయారయ్యే ఏకే-203ను తీసుకుంటోంది. మిగులు చిన్న ఆయుధాలను ధ్వంసం చేయడమే మేలని 2001 నాటి ఐక్యరాజ్యసమితి కార్యాచరణ పత్రం చెబుతుంది, అక్రమ రవాణా దృష్ట్యా అందులో తప్పు పట్టడానికి లేదు. అయితే ఒక్కొక్క నమూనాకు కొన్నింటినైనా పూర్తిగా నిర్వీర్యం చేసి జిల్లాల్లో ఉంచితే నష్టం లేదు. 1757 జనవరి 24న మా కోట దగ్గర పేలినవి ఎలాంటి తుపాకులో పిల్లలకు చెప్పాలంటే చూపించడానికి కనీసం కొన్ని మిగిలాయి. 1962 నాటి జవాను మోసిన రైఫిల్‌ను చూపించాలంటే ఈ చుట్టుపక్కల ఎక్కడికి తీసుకెళ్లాలి? కోరుకొండ సైనిక్ స్కూలు వంటి చోట్ల, కళాశాల మ్యూజియాల్లో ఇటువంటివి ఉండాలి. దిగుమతి కంటే ఇది తొందరగా కుదిరే పని.

మన్యం_ఉపాధ్యాయుడు:
మ్యూజియంలో అద్దం వెనుక ఉంచుతామంటే నాకు అభ్యంతరం లేదు. వ్యక్తుల ఇళ్లలో అన్నప్పుడే నా అభ్యంతరం, అది ఇప్పటికీ మారలేదు. నిర్వీర్యం చేశామని కాగితం ఉన్నా, రాత్రిపూట తలుపు తట్టినవాడి చేతిలో అది ఉంటే అవతలివాడికి ఆ కాగితం కనిపించదు.

గంటస్తంభం_వీధి:
ఉపాధ్యాయుడు గారి చివరి వాక్యానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఇంటి గోడకు స్థిరంగా బిగించి ఉంచాలని, బయటకు తీసుకెళ్లడానికి అనుమతి కావాలని షరతు పెడితే కొంత తగ్గుతుందేమో. దిగుమతి సంగతి నాకు అర్థమైంది. పేలే రైఫిల్ రాదు, పేలని రైఫిల్‌కు ప్రమాణం లేదు. .315 స్పోర్టింగ్ రైఫిల్ గురించి ఎవరైనా చెప్పగలరా? అదీ ఇషాపూర్‌దే కదా?

సిక్కోలు_హవల్దారు:
అవునండీ. అదీ లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగం మీద కట్టినదే, తూటా మాత్రం ఆస్ట్రియా మాన్లికర్‌ది. బ్రిటిషు వాళ్లు సైన్యపు తూటా జనం చేతికి పోకూడదని పట్టుబట్టబట్టి ఈ బోరు మన దేశంలో నిలబడిపోయింది. నిషేధిత కోవలో లేదు, కలెక్టరు గారి దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ కారణం సేకరణ అని రాస్తే ఫైలు కదలదు.

నాగావళి_న్యాయవాది:
మాస్టారూ, .315 తీసుకుంటే అది పేలే తుపాకీయే, రెండింటి పరిమితిలో ఒకటి పోతుంది, ఎన్నికల అప్పగింతలు తప్పవు. మీ ఆసక్తికి అది తగదు. బొబ్బిలి వారి మాటను అర్జీగా మలచండి. వ్యక్తిగా కాక కళాశాల పేరుతో గానీ, రిజిస్టరైన చరిత్ర సంఘం పేరుతో గానీ కేంద్ర హోం శాఖకు, రక్షణ శాఖకు రాయండి. నమూనాలు పేర్లతో అడగండి: .303 మూడవ మార్కు, 2ఏ1, 1ఏ, ఒక్కొక్కటి చాలు. నిర్వీర్యం ఇషాపూర్ కర్మాగారంలోనే జరిపించి పత్రం ఇవ్వమనండి. ఆ కర్మాగారం 2021 నుంచి అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ కింద ఉంది కాబట్టి అర్జీ నకలు ఒకటి కాన్పూరులోని దాని ప్రధాన కార్యాలయానికీ వెళ్లాలి. ముసాయిదా పంపితే చట్టం సెక్షన్లు నేను సరిచూస్తాను.

బొబ్బిలి_చరిత్ర:
మా సంఘం రిజిస్టరైనదే. సంతకాలు మా వైపు నుంచి పెట్టిస్తాను. అద్దాల పెట్టె, తాళం, కాపలా ఎవరు చూసుకుంటారో కూడా అర్జీలోనే రాస్తే ఉపాధ్యాయుడు గారి సందేహం తీరుతుంది, శాఖలవారు అడిగే మొదటి ప్రశ్నా అదే.